ఎంట్రప్రెన్యూర్‌షిప్ ఎలెక్టివ్: క్లాసులో ఏది నేర్పగలరు, ఏది నేర్పలేరు

ఎంబీఏ రెండో ఏడాది మొదట్లో ఎలెక్టివ్‌ల (అంటే మనమే ఎంచుకునే సబ్జెక్టుల) జాబితా రాగానే హాస్టల్లో చర్చలు మొదలవుతాయి. ఫైనాన్స్ తీసుకుంటే ప్లేస్‌మెంట్‌కి పనికొస్తుంది. మార్కెటింగ్ అయితే సమ్మర్ ఇంటర్న్‌షిప్‌తో కలిసొస్తుంది. అనలిటిక్స్‌కి ఈ మధ్య గిరాకీ ఎక్కువ. మరి ‘ఎంట్రప్రెన్యూర్‌షిప్ అండ్ ఇన్నోవేషన్’ సంగతి? సీనియర్లు చెప్పేది దాదాపు ఒకటే: ‘లైట్ సబ్జెక్ట్ రా, స్కోరింగ్. నాలుగు పీపీటీలు చేస్తే అయిపోద్ది.’ ఇంట్లోవాళ్లది ఇంకో బెంగ. లక్షలు పోసి చదివిస్తుంటే పిల్లాడు ఉద్యోగం మానేసి వ్యాపారం పెడతానంటాడేమోనని టెన్షన్.

కోర్సు నాసిగా నడిచే చోట సీనియర్ల మాట నిజమే. ఇంట్లోవాళ్ల భయానికి మాత్రం పెద్దగా ఆధారం లేదు. ఈ కోర్సు చదివాక విద్యార్థుల్లో మొత్తంమీద సొంత వ్యాపారం మీద మోజు తగ్గిందని తేల్చిన పరిశోధనలున్నాయి. కాలేజీలు ఆ మాట బ్రోషర్‌లో వేయవు కానీ, నా దృష్టిలో అది ఆ కోర్సు ఓడిపోయినట్టు కాదు. ఎంతమంది స్టార్టప్ పెట్టారు అన్న ఒక్క లెక్కతో ఈ ఎలెక్టివ్‌ని తూచడం దగ్గరే తికమకంతా మొదలవుతోంది. ఒక ఆలోచన నిలబడుతుందా లేదా, నిలబడినా అది మనవల్ల అయ్యే పనేనా అన్నది ఏళ్లూ డబ్బూ తగలబెట్టకముందే తేల్చుకోవడం నేర్పితే ఆ కోర్సు తన పని చేసినట్టే. ‘వద్దు’ అన్న జవాబు తొందరగా, చవగ్గా రావడం కూడా చదువే.

కాకినాడ నుంచి టోగో దాకా

అమెరికా ఎంబీఏలో ఈ సబ్జెక్టుకి పునాది పడింది 1947 ఫిబ్రవరిలో. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో మైల్స్ మేస్ అనే ప్రొఫెసర్ కొత్త సంస్థల నిర్వహణ మీద ఎలెక్టివ్ పెడితే 188 మంది చేరారు. రెండో ప్రపంచయుద్ధం అప్పుడే ముగిసింది. తిరిగొచ్చిన సైనికులు చదువుల్లో చేరుతున్న రోజులవి. పెద్ద కంపెనీలో మెట్లెక్కడం కాకుండా సొంతంగా ఏదో మొదలుపెట్టాలన్న కోరిక చాలామందిలో ఉండేది.

మన కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1964లో హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లీలాండ్ వ్యాపార తత్వాన్ని శిక్షణతో పెంచవచ్చా అన్నది పరీక్షించడానికి ఎంచుకున్న ఊళ్లలో ముఖ్యమైనది కాకినాడ. అక్కడి 52 మందికి శిక్షణ ఇచ్చారు. దీన్ని నడిపింది హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఎన్ఐ-ఎంఎస్ఎంఈ పేరుతో ఉన్నది అదే. ‘కాకినాడ ఎక్స్‌పరిమెంట్’ దేశంలోని దాదాపు ప్రతి ఎంట్రప్రెన్యూర్‌షిప్ పాఠ్యపుస్తకంలో ఉంటుంది. మన పిల్లలు దాన్ని షార్ట్ నోట్ కింద బట్టీపట్టి, రాసేసి, మర్చిపోతారు.

మర్చిపోవలసిన విషయం కాదది. ఆ శిక్షణలో అకౌంట్లు, పద్దులకన్నా మనిషి తనకు తాను లక్ష్యం పెట్టుకోవడం మీద దృష్టి ఎక్కువ. మెక్లీలాండ్ పేరుతో ప్రసిద్ధమైన ఆట ఒకటుంది. నేలమీద పాతిన మేకుకి రింగు వెయ్యాలి. ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గర నిలబడితే గెలిచినా సంబరం లేదు. మరీ దూరం పోతే అదృష్టమే దిక్కు. కాస్త కష్టపడితే అందే దూరాన్ని ఎంచుకునేవాళ్లలో సాధించాలన్న తపన ఎక్కువని ఆయన వాదన. తర్వాత ఆరా తీస్తే, శిక్షణ పొందినవాళ్లు మిగతావాళ్లకంటే చురుగ్గా ఉన్నారని, కొత్త వ్యాపారాలు పెట్టారని, పనివాళ్లను తీసుకున్నారని తేలింది. ఆచారాలు, సంప్రదాయ నమ్మకాలు వ్యాపారానికి అడ్డమన్న అప్పటి అభిప్రాయానికీ అక్కడ బలం దొరకలేదు.

దాదాపు అర్ధశతాబ్దం తర్వాత, ఇంతకంటే పెద్ద ఎత్తున, గట్టి పద్ధతిలో ఇలాంటి ప్రయోగమే పశ్చిమాఫ్రికాలోని టోగోలో జరిగింది. రాజధాని లోమేలో 1,500 మంది చిన్న వ్యాపారులను లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు బిజినెస్ పాఠాలు చెప్పారు. ఇంకో గుంపుకి చొరవ తీసుకోవడం, ముందుచూపు, ఎదురుదెబ్బ తిన్నాక మళ్లీ ప్రయత్నించడం లాంటివి నేర్పారు. మూడో గుంపుకి ఏమీ చెప్పలేదు. చొరవ నేర్చుకున్న గుంపు లాభాలు 30 శాతం పెరిగాయి. మామూలు పాఠాలు విన్న గుంపులో పెరుగుదల 11 శాతం, అదీ యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పలేనంత బలహీనమైన ఫలితం. ఇవి 2017లో సైన్స్ పత్రికలో వచ్చాయి.

‘అయితే ఎంబీఏ క్లాసులో కూడా చొరవ మీద నాలుగు మోటివేషన్ స్పీచ్‌లు పెడితే చాలుగా’ అనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. కాలేజీలు చాలాసార్లు చేస్తున్నదీ అదే. లోమేలో శిక్షణ పొందినవాళ్లందరికీ అప్పటికే వ్యాపారం ఉంది. సాయంత్రం విన్నది మర్నాడు కొట్టు తెరవగానే చేసి చూడగలరు. ఇరవై రెండేళ్ల ఎంబీఏ విద్యార్థికి తెరవడానికి కొట్టే లేదు. విన్న ఉత్సాహం వారం తిరిగేసరికి మిడ్ ఎగ్జామ్స్‌లో కలిసిపోతుంది.

విద్యార్థుల మీద చేసిన పరిశోధనలు ఇదే చెబుతున్నాయి. 2010లో నెదర్లాండ్స్ నుంచి ఒకటి వచ్చింది. విద్యార్థులతో ఏడాదిపాటు చిన్న కంపెనీ నడిపించే కార్యక్రమం అది. దానివల్ల వాళ్ల నైపుణ్యాలు చెప్పుకోదగ్గంత పెరగలేదు, పైగా వ్యాపారం పెట్టాలన్న కోరిక తగ్గింది. అదే ఏడు జర్మనీలో మ్యూనిక్ యూనివర్సిటీ నుంచి మరొకటి. అక్కడ ఈ కోర్సు తప్పనిసరి. కోర్సు అయ్యాక మొత్తంమీద వ్యాపార ఆలోచన కొంత తగ్గింది కానీ, ‘ఇది నాకు సరిపడుతుందా’ అన్న విషయంలో విద్యార్థులకు స్పష్టత వచ్చింది. అంటే ఆ కోర్సు జల్లెడలా పనిచేసింది.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇటలీ నుంచి 2020లో వచ్చిన అధ్యయనం. 116 స్టార్టప్‌లను రెండుగా విడగొట్టారు. పాఠాలు అందరికీ ఒకటే. ఒక సగానికి మాత్రం అదనంగా ఇంకోటి నేర్పారు: మీ ఆలోచనను ఒక ఊహగా రాసుకోండి, ఏం జరిగితే అది తప్పని ఒప్పుకుంటారో ముందే నిర్ణయించుకోండి, ఆ తర్వాత పరీక్షించండి. అలా చేసినవాళ్ల పనితీరు మెరుగ్గా ఉంది. ఆలోచనను మార్చుకున్నవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. గెలుపూ మార్పూ ఒకే అలవాటు నుంచి వచ్చాయి.

ఒక పేరు కింద నాలుగు సబ్జెక్టులు

విద్యార్థులు మోసపోయేది ఎక్కువగా పేరు దగ్గర. ఒకే తరహా పేరుతో ఉన్న ఎలెక్టివ్‌లలో కనీసం నాలుగు వేర్వేరు చదువులు దాగి ఉంటాయి. సమస్యను, కస్టమర్‌ని వెతకడం ఒకటి. కొత్త సంస్థలోకి డబ్బు ఎలా వస్తుంది, ఎవరి వాటా ఎంత అన్నది ఇంకొకటి. ఉన్న పెద్ద సంస్థలో కొత్తదనం తేవడం మూడోది. నాలుగోది కుటుంబ వ్యాపారం. నాన్న, బాబాయ్, మేనత్త కొడుకు అందరూ వాటాదారులైన చోట రెండో తరం ఏం చెయ్యాలి అన్నది. మన జిల్లాల్లోని రైస్ మిల్లులు, నగల కొట్లు, ఆటోమొబైల్ డీలర్‌షిప్‌ల ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు నిజానికి ఈ నాలుగోదే ఎక్కువ అవసరం. కానీ దాన్ని ఎంచుకునేవాళ్లు తక్కువ. స్టార్టప్ అన్న మాటలో ఉన్న మెరుపు రైస్ మిల్లులో కనపడదు కదా.

కోర్సు ఔట్‌లైన్ తెరిచి ఈ నాలుగిట్లో ఏది ఉందో చూడకుండా చేరితే, ఆకలేసినవాడు హోటల్ బోర్డు చూసి లోపలికెళ్లి టిఫిన్ల టైమ్‌లో భోజనం అడిగినట్టే.

కస్టమర్‌ని కలవడం అనే కష్టం

పాత పద్ధతిలో ఈ కోర్సు అంటే బిజినెస్ ప్లాన్. నలభై పేజీలు, ఐదేళ్ల అమ్మకాల అంచనా, చివర్లో లాభాల గ్రాఫ్. జ్యూరీలో కూర్చున్నవాళ్లకు ఒక స్లైడ్ కంఠతా వస్తుంది: ‘దేశ జనాభా 140 కోట్లు, అందులో ఒక్క శాతం మన యాప్ వాడినా...’ ఆ ఒక్క శాతంలో మొదటి పదిమంది ఎవరో, ఏ వీధిలో ఉంటారో టీమ్‌లో ఒక్కరికీ తెలియదు.

దీన్ని తిరగేసినవాడు స్టీవ్ బ్లాంక్. సిలికాన్ వ్యాలీలో స్టార్టప్‌లు నడిపి రిటైరైన ఆయన 2011లో స్టాన్‌ఫోర్డ్‌లో లీన్ లాంచ్‌ప్యాడ్ అనే కోర్సు మొదలుపెట్టాడు. అందులో ప్లాన్ రాయడం లేదు. ప్రతి వారం పది, పదిహేను మందిని నేరుగా కలవాలి, కోర్సు అయ్యేసరికి సుమారు వంద మంది. విన్నది ప్రతివారం క్లాసులో చెప్పాలి, దాన్నిబట్టి ఆలోచన మార్చుకోవాలి. అదే ఏడు అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ తన శాస్త్రవేత్తల కోసం ఇదే పద్ధతి తెచ్చుకుంది. ఇప్పుడు మన బిజినెస్ స్కూళ్లలోనూ దీని నకళ్లు కనిపిస్తాయి. ‘వంద మంది’ అన్న నిబంధన మాత్రం ఇక్కడికి వచ్చేసరికి ‘గూగుల్ ఫామ్‌కి వంద రెస్పాన్స్‌లు’గా మారిపోయింది. వాట్సాప్ గ్రూపుల్లో పడేస్తే గంటలో వచ్చే వంద అది.

ఫామ్ ఎందుకు పనికిరాదో ఒక ఉదాహరణ చూద్దాం. ఒక టీమ్ కిరాణా కొట్ల అప్పుఖాతాల కోసం యాప్ చేద్దామనుకుందనుకోండి. కొట్టుకెళ్లి అడిగారు:

‘అన్నా, బాకీలన్నీ ఫోన్‌లోనే కనపడేలా యాప్ ఉంటే వాడతారా?’

‘ఆఁ, మంచిదేగా తమ్ముడూ. వాడతాం.’

ఇరవై కొట్లలో పద్దెనిమిది మంది ఇదే అన్నారు. స్లైడ్ మీద ‘90 శాతం ఆమోదం’ అని పడింది. ఆ అంకెకి విలువ సున్నా. కుర్రాళ్లు ఎండలో వచ్చి అడుగుతుంటే ఎవరైనా కాదని ఎందుకంటారు? పైసా ఖర్చు లేని ‘ఊఁ’ అది.

రాబోయే దాని గురించి కాకుండా జరిగిపోయిన దాని గురించి అడగాలి:

‘పోయిన నెల రావాల్సిన బాకీల్లో ఏది ఆగిపోయింది అన్నా?’

అప్పుడు గల్లాపెట్టె కింద నుంచి పొడుగాటి నోట్‌బుక్ బయటికొస్తుంది. పేజీ తిప్పి ఒక పేరు మీద వేలు పెడతాడు. ‘ఇదుగో, మేడ మీద టీచరమ్మగారిది. పద్దెనిమిది వందలు. మూడు నెలలైంది.’

‘మరి అడగలేదా?’

‘ఎట్లా అడుగుతాం? పదేళ్లుగా మన దగ్గరే కొంటారు. గట్టిగా అడిగితే ఎదురు కొట్టుకి పోతారు. మా ఆవిడ ఒకసారి గుర్తుచేస్తే వారం రోజులు ఇటువైపు రాలేదు.’

ఇప్పుడు సమస్య వేరుగా కనిపిస్తుంది. రాసుకోవడంలో ఆయనకి ఇబ్బందేం లేదు, నోట్‌బుక్ శుభ్రంగా ఉంది. ఇబ్బందల్లా అడగడంలో ఉంది. మొహమాటం ఆయనది కాకుండా ఇంకెవరిదో అయితే, అంటే ఫోన్ నుంచి తనంతట తానే ఒక మెసేజ్ పోతే, అప్పుడు దానికి విలువ. ఖాతాబుక్, ఓకేక్రెడిట్ లాంటి యాప్‌లు బాకీదారుకి రిమైండర్ మెసేజ్ పంపే సౌకర్యాన్ని ముందుకు తెచ్చింది ఇందుకే. కొట్టు ఆయన అలాంటిది వాడినా డబ్బు కడతాడా అన్నది ఇంకో ప్రశ్న. దానికీ మళ్లీ కొట్టుకే వెళ్లాలి. ‘నెలకి వంద రూపాయలు ఇవ్వండి, ఈ నెలంతా మీ బాకీదార్లకి మేమే మెసేజ్‌లు పెడతాం’ అని చేత్తోనే చేసి చూడొచ్చు. యాప్ అక్కర్లేదు, కోడింగ్ అక్కర్లేదు. వంద నోటు తీసిస్తాడా లేదా అన్నదే పరీక్ష.

కేస్ స్టడీలు చదివేటప్పుడూ ఇదే చూపు కావాలి. నిజామాబాద్ ప్రాంతం నుంచి వచ్చిన ఫణీంద్ర సామ దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్ టికెట్ దొరక్క, స్నేహితులతో కలిసి 2006లో రెడ్‌బస్ పెట్టిన కథ అందరికీ తెలుసు. ఆయన ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్ అయ్యారు. క్లాసులో అందరికీ గుర్తుండేది దొరకని టికెట్. అడగాల్సింది ట్రావెల్స్ ఓనర్ వైపు నుంచి: సీట్లన్నీ ఏజెంట్ల చేతిలో, కాగితాల మీద, ఫోన్ల మీద నడుస్తున్న రోజుల్లో ముగ్గురు ఇంజినీర్లకు ఆయన సీట్లు ఎందుకివ్వాలి? ప్రయాణికుడి కష్టం కళ్లముందే ఉంది, ఓనర్‌కి ఏం లాభమో కనుక్కోవడం దగ్గరే వ్యాపారం ఉంది.

ఇక్కడే సారస్ సరస్వతి పని ప్రస్తావించాలి. భారత సంతతికి చెందిన ఈ ప్రొఫెసర్ కార్నెగీ మెలన్‌లో హెర్బర్ట్ సైమన్ దగ్గర పరిశోధన చేస్తూ, అనుభవజ్ఞులైన 27 మంది వ్యాపారవేత్తలు ఎలా ఆలోచిస్తారో గమనించారు. ఎంబీఏ పుస్తకం ‘ఎంత లాభం రావొచ్చు’ అని లెక్క మొదలుపెడుతుంది. వీళ్లు ఎక్కువగా ‘పోతే ఎంత పోతుంది, అది తట్టుకోగలమా’ అని మొదలుపెట్టారు. చేతిలో ఏముంది, ఎవరు తెలుసు అన్నది చూసుకుని, కలిసొచ్చినవాళ్లను కలుపుకుంటూ పోయారు. 2001లో అచ్చయిన ఈ సిద్ధాంతం ఎఫెక్చుయేషన్ పేరుతో నేడు చాలా సిలబస్‌లలో ఉంది. మన పెద్దవాళ్లకు కొత్తేమీ కాదు. ఇంట్లో ఎవరైనా వ్యాపారం అనగానే మొదటి ప్రశ్న ‘పోతే ఎంత?’ అనే కదా.

స్టాన్‌ఫోర్డ్‌లో ప్రొఫెసర్ టీనా సీలిగ్ ఇచ్చిన అసైన్‌మెంట్ కూడా ఇదే నాడి పట్టుకుంది. ప్రతి టీమ్‌కీ కవర్లో ఐదు డాలర్లు, సంపాదించడానికి రెండు గంటలు, చివర్లో క్లాసు ముందు మూడు నిమిషాల ప్రజెంటేషన్. అందరికంటే ఎక్కువ, 650 డాలర్లు సంపాదించిన టీమ్ ఐదు డాలర్లను అసలు ముట్టుకోనేలేదు. స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులను ఉద్యోగాల్లోకి తీసుకోవాలనుకునే ఒక కంపెనీకి ఆ మూడు నిమిషాలను అమ్మేసింది.

ఒక్క పదం విలువ పదిహేడున్నర లక్షలు

డబ్బు వైపు ఉన్న ఎలెక్టివ్‌ని ఫైనాన్స్ విద్యార్థులే తీసుకుంటారు. నిజానికి ఫైనాన్స్ అంటే భయపడేవాళ్లే తీసుకోవాలి, ఎందుకంటే సంతకం పెట్టేది వాళ్లే. ఇందులో లెక్కలు పదో తరగతి స్థాయివే. కష్టమంతా కాగితంలోని మాటల దగ్గర.

ఇద్దరు స్నేహితులు కంపెనీ పెట్టారనుకుందాం. కంపెనీల చట్టం 2013 ప్రకారం ప్రైవేట్ లిమిటెడ్‌కి ఇద్దరు చాలు. లక్ష రూపాయల కనీస మూలధనం ఉండాలన్న నిబంధన 2015లో పోయింది. చెరిసగం వాటా. ఒక ఇన్వెస్టర్ వచ్చి ‘మీ కంపెనీకి నాలుగు కోట్ల విలువ కడుతున్నా, కోటి పెడతాను’ అన్నాడు. డబ్బు వచ్చాక విలువ ఐదు కోట్లు, కాబట్టి ఆయనకి 20 శాతం. మిగతా 80 ఇద్దరూ చెరో 40 పంచుకుంటామనుకుని ఇంటికెళ్లి స్వీట్లు పంచుతారు.

పెట్టుబడి షరతులు రాసే కాగితం, అంటే టర్మ్ షీట్‌లో ఇంకో వాక్యం ఉంటుంది: ఉద్యోగులకు ఇచ్చే షేర్ల కోసం 10 శాతం పక్కన పెట్టాలి, అది ఇన్వెస్టర్ డబ్బు రాకముందే, పాతవాళ్ల వాటాలోంచే. అంటే స్నేహితులకి మిగిలేది 70, చెరో 35. నాలుగు కోట్ల విలువ అన్నది వాళ్లిద్దరికీ సంబంధించినంతవరకు మూడున్నర కోట్లే.

మూడేళ్ల తర్వాత కంపెనీ అనుకున్నంత ఎదగలేదు. ఎవరో మూడు కోట్లకి కొంటామన్నారు. ఇన్వెస్టర్ దగ్గరున్నవి మామూలు షేర్లు కావు. మన దేశంలో సాధారణంగా ఇవి తర్వాత మామూలు షేర్లుగా తప్పనిసరిగా మారే ప్రిఫరెన్స్ షేర్లు, సీసీపీఎస్ అంటారు. అమ్మకం జరిగితే ముందు ఆయన పెట్టుబడి ఆయనకి తిరిగి రావాలని రాసుంటుంది. ఇక్కడ రెండు రకాలు.

మొదటిది నాన్-పార్టిసిపేటింగ్. ఆయన పెట్టిన కోటి తీసుకోవాలి, లేదా 20 శాతం వాటా కింద 60 లక్షలు తీసుకోవాలి, ఏదో ఒకటే. సహజంగానే కోటి తీసుకుంటాడు. మిగిలిన రెండు కోట్లు స్నేహితులిద్దరికీ, ఉద్యోగులకీ 35, 35, 10 నిష్పత్తిలో పోతాయి. ఒక్కో స్నేహితుడికి 87.5 లక్షలు.

రెండోది పార్టిసిపేటింగ్. కోటి ముందు తీసుకుని, మిగిలిన రెండు కోట్లలో తన 20 శాతం, అంటే 40 లక్షలు మళ్లీ తీసుకుంటాడు. ఒక్కో స్నేహితుడికి మిగిలేది 70 లక్షలు.

ఒక్కొక్కరికి తేడా 17.5 లక్షలు. తేడా తెచ్చింది ఒక్క ‘నాన్’. దీన్ని ఎక్సెల్‌లో ఒకసారి సొంతంగా వేసుకున్న విద్యార్థి జీవితంలో వాల్యుయేషన్ అంకె ఒక్కటే చూసి మురిసిపోడు. నా లెక్కలో ఈ ఒక్క వర్క్‌షీట్ ఇరవై గెస్ట్ లెక్చర్లతో సమానం.

ఇదే సబ్జెక్టులో వెస్టింగ్, అంటే వాటా ఎప్పటికి సొంతమవుతుందన్న విషయం వస్తుంది. ఇద్దరిలో ఒకడు ఎనిమిది నెలలకే మంచి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే అతని వాటా సంగతేంటి? అతను సగం కంపెనీ పట్టుకుని బెంగళూరులో కూర్చుంటే, ఇక్కడ పగలూ రాత్రీ కష్టపడేవాడి గతేం కావాలి? అందుకే వ్యవస్థాపకుల వాటా కూడా నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా ఖాయమయ్యేలా, మొదటి ఏడాది నిండకుండా వెళ్తే ఏమీ దక్కకుండా రాసుకోవడం ఆనవాయితీ. స్నేహితుల మధ్య ఈ ప్రస్తావన తేవడమే కష్టం, అడగడానికి కిరాణా అన్నకున్నంత మొహమాటం. క్లాసులో మాస్టారు ‘మీ టీమ్ ఒప్పందం రాసి తీసుకురండి’ అని అసైన్‌మెంట్ ఇస్తే ఆ మొహమాటం ఆయన ఖాతాలోకి పోతుంది. అలా రాసుకోబోతూ అక్కడికక్కడే విడిపోయే టీమ్‌లుంటాయి. మార్కులు పోతాయేమో కానీ స్నేహం మిగులుతుంది.

చట్టం వైపు మార్పులు వేగంగా వస్తుంటాయి కాబట్టి పాత నోట్స్ నమ్ముకోకూడదు. స్టార్టప్ తన షేర్లను సరైన విలువకంటే ఎక్కువకి అమ్మితే ఆ అదనపు సొమ్ము మీద పడే ఏంజెల్ ట్యాక్స్ 2012లో వచ్చింది, దాని మీద ఏళ్లతరబడి పేజీలకొద్దీ నోట్స్ తిరిగాయి. 2024 జూలై బడ్జెట్‌లో దాన్ని ఎత్తేశారు.

ఇన్నోవేషన్ అంటే యాప్ ఒక్కటే కాదు

ఇన్నోవేషన్ పేపర్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే బాగా చెప్పేవాళ్లుంటే బాగుంటుంది, లేకపోతే మాటల మూటే. ‘డిస్రప్టివ్’ అన్న పదాన్ని కొత్తగా కనిపించిన ప్రతిదానికీ అతికించడం ఇక్కడి జబ్బు. 1995లో హార్వర్డ్ ప్రొఫెసర్లు క్లేటన్ క్రిస్టెన్సెన్, జోసెఫ్ బోవర్ ఈ పదంతో చెప్పింది అంత వదులుగా లేదు. పెద్ద కంపెనీలు తమ మంచి కస్టమర్ల మాట శ్రద్ధగా వింటూనే, మొదట్లో నాసిగా కనిపించే కొత్త టెక్నాలజీని వదిలేసి, దాని చేతిలోనే దెబ్బతింటాయన్నది వాళ్ల వాదన. మొదటిరోజే ఖరీదైన కస్టమర్ల కోసం వచ్చిన మెరుగైన వస్తువుకి ఆ పేరు పెట్టకూడదు.

ఉదాహరణ కావాలంటే హైదరాబాద్‌లోనే ఉంది. 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి సేవలను పిరమిడ్‌లా కట్టింది. అట్టడుగున సుమారు 50 వేల జనాభాకి ఒక విజన్ సెంటర్, అందులో శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులు. కళ్లజోడు కావలసినవాళ్లకి అక్కడే పని అయిపోతుంది, ఆపరేషన్ కావలసినవాళ్లు పై మెట్టుకి వెళ్తారు. ఇందులో కొత్తదనం ఏ యంత్రంలోనూ లేదు. డాక్టర్ చేస్తున్న పనిలో డాక్టర్ అక్కర్లేని భాగమేదో విడదీసి చూడటంలో ఉంది. పేపర్ చెప్పే మాస్టారు ఈ తరహా ఉదాహరణలతో వస్తే తీసుకోండి. స్టిక్కీ నోట్లు గోడకి అతికించే వర్క్‌షాప్‌తో సరిపెడితే ఆ క్రెడిట్లు వేరే దేనికైనా ఖర్చుపెట్టుకోవచ్చు.

చేరేముందు చూడాల్సినవి

మార్కులు దేనికిస్తారో చూస్తే కోర్సు గుట్టు తెలిసిపోతుంది. రాత పరీక్షకి సింహభాగం ఉంటే అది నిర్వచనాల సబ్జెక్ట్. ఫైనల్ పిచ్‌కే, అంటే చివర్లో ఆలోచనను అమ్మే ప్రజెంటేషన్‌కే ఎక్కువ మార్కులైతే బాగా మాట్లాడే ఒక్కడు టీమ్ మొత్తాన్ని గట్టెక్కిస్తాడు. వారం వారం ఎవరిని కలిశారు, ఏం మార్చుకున్నారు అన్న దానికి మార్కులుంటే, ‘మా ఆలోచన పనిచేయదని ఇదుగో ఆధారం’ అని చెప్పిన టీమ్‌కి కూడా మంచి గ్రేడ్ వచ్చిన దాఖలా ఉంటే, ప్లేస్‌మెంట్ల హడావుడిలో కూడా ఆ కోర్సుకి టైమ్ పెట్టొచ్చు. పాత బ్యాచ్ వాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ‘మీ క్లాసులో ఐడియా వదిలేసిన టీమ్‌కి ఎన్ని మార్కులొచ్చాయి?’

చాలామంది చూడని ఇంకో కాగితం ఉంది. కోర్సులో చేసిన ప్రాజెక్ట్ నిజంగానే బాగుండి కంపెనీ అయితే అది ఎవరిది? ఉన్నత విద్యాసంస్థల కోసం కేంద్రం 2019లో తెచ్చిన నేషనల్ ఇన్నోవేషన్ అండ్ స్టార్టప్ పాలసీ దీనికి దారి చూపింది. సంస్థ నిధులు, సౌకర్యాలు గట్టిగా వాడుకున్నా, పాఠ్యక్రమంలో భాగంగా తయారైనా మేధోసంపత్తి హక్కు విద్యార్థికీ సంస్థకీ ఉమ్మడి. సిలబస్‌తో, కాలేజీ సౌకర్యాలతో సంబంధం లేకుండా చేసుకున్నదైతే పూర్తిగా విద్యార్థిదే. కొత్త కంపెనీకి చోటు, సలహాలు ఇచ్చే ఇంక్యుబేషన్ సాయం చేస్తే సంస్థ 2 నుంచి 9.5 శాతం దాకా వాటా తీసుకోవచ్చని కూడా అందులో ఉంది. ఇవి మార్గదర్శకాలు, ప్రతి కాలేజీ తన సొంత పాలసీ రాసుకుంటుంది. అందుకే వెబ్‌సైట్‌లో వెతికి చదువుకోవాలి. పేటెంట్ తీసుకోదగ్గ వస్తువైతే ఇంకో జాగ్రత్త: దరఖాస్తు వేయకముందే కాలేజీ ఫెస్ట్‌లో అందరి ముందూ లోగుట్టు విప్పి చూపిస్తే కొత్తదనం పోయిందని పేటెంట్ ఆఫీసు తిరస్కరించే వీలుంది. విద్యాసంస్థ పేరు మీద వేసే దరఖాస్తులకు 2021 నుంచి ఫీజులో 80 శాతం రాయితీ ఉంది కాబట్టి కాలేజీతో కలిసి వేయడం లాభమే అనిపించవచ్చు. అప్పుడు హక్కు కూడా కలిసే ఉంటుంది.

కాబట్టి హాస్టల్ గదిలో, సొంత ల్యాప్‌టాప్ మీద, రాత్రిళ్లు కూర్చుని చేసుకున్న పని ఏదైనా మీ దగ్గర ఉంటే, ‘రెడీగా ఉంది కదా, మార్కులొస్తాయి’ అని దాన్నే ఈ ఎలెక్టివ్‌లో ప్రాజెక్టుగా సబ్మిట్ చేసేముందు ఆ పాలసీలో ‘పాఠ్యక్రమంలో భాగంగా’ అన్న మాట ఎక్కడుందో వెతకండి. అది ఉంటే కోర్సుకి వేరే ఐడియా తీసుకెళ్లండి.